నీలం అట్ట

రికార్డుల షాపులో గల్లాపెట్టె పక్కన ఒక గాజుగ్లాసు ఉంటుంది. అందులో నీళ్ళు పొయ్యరు, గుండీలు వేస్తారు. కంపెనీవాళ్ళు ఏదైనా కొత్త రికార్డు తెద్దామనుకున్నప్పుడు ముందుగా దాని అట్ట ఒక్కటే తయారుచేయించి, లోపల బరువుకి ఏదో పనికిరాని రికార్డు దోపి, షాపులో నిజం రికార్డుల మధ్య నిలబెడతారు. వచ్చినవాళ్ళలో ఎవరైనా దాన్ని పైకి తీసి చూస్తే షాపావిడ గ్లాసులో ఒక గుండీ వేస్తుంది. వారం తిరిగేసరికి గ్లాసు అడుగు కనపడకుండా గుండీలు పరుచుకుంటే ఆ రికార్డు అచ్చుకి వెళుతుంది. అడుగు కనబడిందా, ఆ రికార్డు కథ కంచికే. పాట బాగుందా లేదా, పాడినవాడు గొప్పవాడా కాదా అన్న గొడవ ఆ గ్లాసుకి పట్టదు.

ఆ మంగళవారం మధ్యాహ్నానికి గ్లాసులో ఒకే ఒక్క గుండీ ఉంది. అదైనా ఎవరో పక్క రికార్డు తియ్యబోతూ పొరపాటున ఈ వారం పెట్టిన కొత్త అట్టని లాగితే, షాపావిడ జాలిపడి వేసిన గుండీ.

అరల చివర స్తంభం పక్కన, తనూ ఏదో కొనడానికి వచ్చినదానిలా నిలబడి అట్టలమ్మాయి ఇదంతా చూస్తోంది. ఇద్దరు బిడ్డల తల్లయినా, కణతల దగ్గర జుట్టు నెరుస్తున్నా, కంపెనీలోనూ షాపులోనూ ఆమె అందరికీ అట్టలమ్మాయే. రికార్డులకి అట్టలు గీసేదీ, కోసేదీ, మడిచేదీ, అతికించేదీ ఆమే.

జనం చేతుల్ని చూడటమంటే ఆమెకి మహా సరదా. రికార్డుల షాపులో మనిషి నోటికి పనుండదు, కళ్ళకి కూడా సగమే పని. వేళ్ళు అట్టల పైఅంచుల మీద టకటకా నడుచుకుంటూ పోతాయి. ఉన్నట్టుండి ఒకచోట ఆగుతాయి. ఆ ఆగడం ఎందుకన్నది ఆమెకి ఇన్నేళ్ళయినా పూర్తిగా అంతుపట్టలేదు. ఆగిన వేళ్ళు అట్టని సగం పైకి లాగుతాయి, ఒక్కోసారి అక్కడే వదిలేస్తాయి. మొత్తం తీశాయంటే ఇక వెనక్కి తిప్పి చూస్తారు. హోరుపాటలు కొనే కుర్రాళ్ళు ఒంటిచేత్తో మూల పట్టుకుంటారు. ప్రేమపాటలు కొనేవాళ్ళు పక్కవాళ్ళకి చూపించకుండా ఉండలేరు. నిద్రపాటల అర దగ్గరికి వచ్చేవాళ్ళు మాత్రం రెండు చేతులతో, పరాయివాళ్ళ పసిబిడ్డని అందుకున్నట్టు అందుకుంటారు.

ప్రతి అరకీ ఒక వేషం ఉంది. హోరుపాటలకి నల్లటి అట్ట, ముళ్ళకంపలాంటి అక్షరాలు. పిల్లల పాటలకి పసుపు, గుండ్రటి అక్షరాలు. ప్రేమకి సగం మొహం చాలు, రెండో సగం కొనేవాడే ఊహించుకుంటాడు. శాస్త్రీయానికి చుట్టూ బోలెడు తెల్లటి జాగా, మధ్యలో కళ్ళు మూసుకున్న పెద్దమనిషి. నిద్రపాటలకి నీలం, మంచు, నీళ్ళు. మనిషి ఉండకూడదు, ముందువైపు పేరు కూడా ఉండకూడదు. ఎవడో కళ్ళప్పగించి చూస్తుంటే ఎవరికైనా నిద్రెలా పడుతుంది?

ఈ వారం షాపులో పెట్టిన అట్ట ఒక పెద్దాయన రికార్డుది. చిక్కల్లా ఆయనది ఏ వేషమో తెలియకపోవడమే. ఆయన బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. పెళ్ళిళ్ళకి వాయించాడు, చావులకి వాయించాడు, సర్కసులో ఏనుగులు వలయం చుట్టూ తిరుగుతుంటే వాయించాడు. ఇన్నేళ్ళకి తన పేరుతో ఒక్క రికార్డు తయారైంది. అట్టలమ్మాయి ఆయన నల్లకోటు వేసుకుని వాద్యం పట్టుకున్న ఫోటోనే అట్ట మీద వేసింది. ఉన్నది ఉన్నట్టు వేస్తే తప్పేముందనుకుంది.

షాపావిడ జనం పలచబడ్డాక స్తంభం దగ్గరికి వచ్చింది.

"అమ్మాయ్, ఒక మాట చెబితే ఏమీ అనుకోవు కదా?"

"అనుకోను వదినా, చెప్పు."

"నల్లకోటు, ముసలాయన, మొహంలో నవ్వు లేదు. ఎవరో పోతే పేపర్లో వేసే ఫోటోలా ఉంది. పొద్దున ఒకావిడ అర దాకా వచ్చి, దీన్ని చూసి, పాపం ఎవరో అనుకుంటూ పక్కకి వెళ్ళిపోయింది."

అట్టలమ్మాయికి నవ్వొచ్చింది, మనసు చివుక్కుమంది కూడా. "మరి దీన్ని 'ఇతరాలు' అరలో ఎందుకు పెట్టావు? అక్కడికి ఎవరొస్తారు?"

"ఎక్కడ పెట్టమంటావే? పెళ్ళిపాటల్లో పెడదామంటే చావుపాటలున్నాయి. భక్తిలో పెడదామంటే సర్కసు ఉంది. నీ పెద్దాయనకి నా షాపులో అర లేదు తల్లీ, నేనేం చెయ్యను."

*

కంపెనీ ఆఫీసు రెండు గదులు. ఒక గదిలో ఓనరు, రెండో గదిలో బల్ల, కత్తెరలు, జిగురుడబ్బాలు, అట్టలమ్మాయి. ఆమె షాపు నుంచి తిరిగొచ్చేసరికి క్లారినెట్ పెద్దాయన బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఈ మధ్య ఆయనకిది అలవాటైంది. ఏమీ అడగడు. వస్తాడు, కాసేపు కూర్చుంటాడు, ఆమె మడతలు వేస్తుంటే చూస్తాడు, లేచి వెళ్ళిపోతాడు. గ్లాసు సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. అట్ట ఎండగానే అచ్చుకి పోతుందని ఆయన నమ్మకం.

"ఎండిందా అమ్మా?" అన్నాడు. పైపళ్ళు లేకపోవడంతో మాట గాలిలా జారిపోతోంది. రికార్డింగు అయిన కొన్నాళ్ళకే ఆయన పళ్ళు పీకించుకోవలసి వచ్చింది. క్లారినెట్‌కి పైపళ్ళు ఆనకపోతే ఊపిరి నిలవదు. అంటే ఇకమీదట ఆయన పాట ఉంటే ఆ రికార్డులోనే ఉండాలి.

"ఇంకా తడిగానే ఉంది బాబాయిగారూ" అంది ఆమె.

"తొందరేం లేదులే. నిదానమే ప్రధానం" అని ఆయన చుట్టూ చూశాడు. "పాత సామాన్ల కొట్లో రికార్డు ప్లేయరు ఒకటి కొన్నాను. గుడ్డ కప్పి పెట్టాను. మొదట నాదే పెట్టాలి కదా మరి."

ఆ మాటకి ఆమె తల ఎత్తలేకపోయింది. ఆయన వెళ్ళాక ఓనరు గదిలోకి వెళ్ళి, ఈ ఒక్క రికార్డుకి గ్లాసు లెక్క మినహాయించమని అడిగింది.

ఓనరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. "మా నాన్న పోయినప్పుడు ఈయన వాయించాడు. విని ఏడ్చాను. ఆ ఏడుపులోనే రికార్డు చేయించాను. ఇప్పుడు దాన్ని అమ్మాలంటే మళ్ళీ ఏడుపొస్తోంది" అన్నాడు. "అచ్చు మిషను మనకి దొరికేదే ఈ శనివారం. గ్లాసు నిండితే ఈయనది వేద్దాం, లేకపోతే ఆ పిల్లల పాటలది వేద్దాం. నీ చేతిలో పని. ఇంకో అట్ట వేసి చూడు."

"ఎలా వెయ్యమంటారు?"

"అది నన్నడిగితే నీకు జీతం ఎందుకు?"

ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. రికార్డు వింటే ఏదైనా తోస్తుందేమో. కానీ వినకూడదు. ఆమెకి పని నేర్పిన పాత ఆర్టిస్టు మొదటి రోజే ఒట్టు పెట్టించుకున్నంత పని చేశాడు. కొనేవాడు వినకుండానే అట్ట చూస్తాడు, కాబట్టి వేసేవాళ్ళు కూడా వినకుండానే వెయ్యాలి, విన్నావంటే నీకు తెలిసిందంతా వాడికీ తెలుసనుకుంటావు అనేవాడు. ఆ మాట అక్షరాలా నిజమని ఆమె ఇన్నేళ్ళుగా అనుభవంలో చూసింది. ఓనరు బీరువాలో ఉన్న శాంపిలు రికార్డు జోలికి ఆమె ఎప్పుడూ పోలేదు.

అయితే షాపులో చేతులు ఎక్కడ ఎక్కువగా ఆగుతున్నాయి? అలా ప్రశ్న వేసుకుని చూస్తే జవాబు సులువే. ఈ మధ్య షాపులో ఎక్కువ చేతులు ఆగేది నిద్రపాటల అర దగ్గరే. ఊరందరికీ నిద్ర కరువైనట్టుంది.

మర్నాడు పొద్దున్నే మందపాటి కాగితం పరిచింది. కింద ముదురు నీలం, పైకి వెళ్ళేకొద్దీ పలచన. స్పాంజిని నీళ్ళలో ముంచి, పిండి, రంగు ఆరకముందే అద్దుతూ పోతే మంచు వచ్చింది. మంచులో ఒక చెరువు అంచు, ఒడ్డున ఖాళీ బల్ల. అంతే. అక్షరాలు ఎన్ని పెట్టాలా అని ఆలోచించి అసలు పెట్టడమే మానేసింది. పెద్దాయన పేరు వెనకవైపు అడుగున, చీమల బారులాంటి సన్నటి వరసలో వేసింది. పైన మెరుపు పూత వద్దనుకుని గరుకుగా వదిలేసింది, వేలు తగిలితే ఉతికిన దుప్పటిలా ఉండాలని. స్కేలు పెట్టి బ్లేడుతో గీతలు గీసింది, మడిచింది, అంచులకి జిగురు రాసి బరువు పెట్టింది. అట్ట బ్రహ్మాండంగా వచ్చింది. అది తనకి తెలుసు, అందుకు సంతోషించింది కూడా. అందులో ఏనుగుల పాట ఉందన్న సంగతి పనిలో పడి కాసేపు మరిచేపోయింది.

*

నీలం అట్ట షాపులోకి వచ్చిన రోజునే గ్లాసు మోత మొదలైంది. షాపావిడ తన గుండీల డబ్బా మూత పెట్టడం మానేసింది.

"ఏం చేశావే దీనికి, మందు పెట్టావా? చెయ్యి వేసినవాళ్ళు వదలట్లేదు. కొంటామని గొడవ. ఇంకా రాలేదండీ అని చెప్పలేక నా నోరు పడిపోతోంది."

అట్టలమ్మాయి స్తంభం పక్కన నిలబడి ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయింది. వచ్చినవాళ్ళు అట్ట మీద బొటనవేలితో రాసి చూస్తున్నారు. ఒకాయన దాన్ని చెంపకి ఆనించుకుని, ఎవరైనా చూశారేమోనని సిగ్గుపడి పెట్టేశాడు. గరుకు కాగితం ఇంత పని చేస్తుందని ఆమెకి తెలియదు. పిల్లల పాటలకి గరుకు వాడితే ఏమవుతుంది, ప్రేమపాటలకి వాడితే ఏమవుతుంది అని బుర్రలో లెక్కలు మొదలయ్యాయి.

శుక్రవారం మధ్యాహ్నం తలుపు తోసుకుని క్లారినెట్ పెద్దాయన లోపలికి వచ్చాడు.

ఆమె గబుక్కున స్తంభం చాటుకి జరిగింది. ఈయనకి గ్లాసు సంగతి ఎవరో చెప్పేశారనుకుంది. కానీ ఆయన గల్లాపెట్టె వైపు చూడనైనా లేదు. అరల మీద రాసినవి కళ్ళు చికిలించి చదువుకుంటూ, దారి తెలియని ఇంట్లోకి వచ్చినట్టు మెల్లగా నడిచి నిద్రపాటల దగ్గర ఆగాడు. వేళ్ళు అట్టల మీద నడవడం మొదలుపెట్టాయి. ఎన్నో ఏళ్ళు వాద్యం మీటలు నొక్కిన వేళ్ళు, చివర్లు చదునుగా ఉన్నాయి. ఒక్కో అట్టనీ తొందరలేకుండా తాకి, దాటి, తాకి, దాటి, నీలం అట్ట దగ్గర ఆగాయి.

ఆయన దాన్ని రెండు చేతులతో పైకి తీశాడు. కళ్ళజోడు తెచ్చుకోలేదు కాబోలు, చేతులు చాచి దూరంగా పట్టుకుని చూశాడు. మొహంలో ఏదో మెత్తబడింది. వెనక్కి తిప్పలేదు. తిన్నగా గల్లాపెట్టె దగ్గరికి తీసుకొచ్చాడు.

"ఇదమ్మా. ఇది ఇచ్చెయ్యండి."

"ఇది ఇంకా రాలేదండీ. ఊరికే శాంపిలుకి పెట్టాం" అంది షాపావిడ. ఆయనెవరో ఆవిడకి తెలియదు. ఆ ఫోటో పళ్ళున్నప్పటిది, ఒంటిమీద నల్లకోటుంది. ఆవిడ అలవాటు ప్రకారం గ్లాసులో ఒక గుండీ వేసింది.

"కాస్త చూడండమ్మా. మా ఆవిడకి ఆరునెలలుగా నిద్ర లేదు. డాక్టర్లు అయ్యారు, మందులు అయ్యాయి. ఇలాంటి రికార్డులుంటాయని ఎవరో చెప్పారు. ఇది చూస్తే, ఏమో, ఇదైతే పనిచేస్తుందనిపించింది."

అట్టలమ్మాయి స్తంభం చాటునుంచి అంతా వింటోంది. దాక్కుంటే సరిపోయేది. కానీ కాళ్ళు వాటంతటవే నడిచాయి.

"బాబాయిగారూ, అది మీదే" అంది.

"నాదా? ఇంకా రాలేదంటున్నారు కదమ్మా ఈవిడ."

"అది కాదండీ. అది మీ రికార్డు అట్ట."

ఆయన ఆమెని చూశాడు, అట్టని చూశాడు. ఆమె దాన్ని తిప్పి అడుగున ఉన్న పేరు మీద వేలు పెట్టింది. ఆయన చదవలేకపోయాడు. ఆమె చదివి వినిపించింది. షాపావిడ చెయ్యి గుండీల డబ్బా మీదే ఆగిపోయింది.

తర్వాత ఆమె గ్లాసు సంగతి, నల్లకోటు అట్ట సంగతి, శనివారం సంగతి అన్నీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ ఆయన కోప్పడతాడని ఎదురుచూసింది. ఆయన కోప్పడలేదు. అట్ట మీద బొటనవేలితో రాస్తూ విన్నాడు.

"చాలా బాగా చేశావమ్మా. నేనే బోల్తా పడ్డాను" అన్నాడు. "వేషం నాకు కొత్తేం కాదు. ఎర్రకోటేసుకుంటే పెళ్ళి, నల్లకోటేసుకుంటే చావు, జరీకోటు సర్కసు. జనం ముందు కోటే చూస్తారు. నువ్వు విన్నావా లోపలిది?"

"లేదండీ. కొనేవాళ్ళూ వినకుండానే కొంటారు కదా. అందుకని మేమూ వినం."

"అదీ నిజమే" అన్నాడాయన. నిజంగానే ఒప్పుకున్నట్టు తల ఊపాడు. "కానీ ఇది వద్దమ్మా. పెళ్ళివాళ్ళు ఎర్రకోటు చూసి పిలిస్తే పెళ్ళిపాటే ఊదాను, అక్కడ మోసం లేదు. ఇది కొనేది ఎవరు? తెల్లవార్లూ దొర్లేవాళ్ళు. నేను ఒక మనిషిని రోజూ చూస్తున్నాను, వాళ్ళ బాధ మామూలుది కాదు. ఆశపడి ఇది కొనుక్కెళ్ళి పెట్టుకుంటే లోపల నా డప్పులూ డోళ్ళూ. నిద్రలేనివాళ్ళ దగ్గర అబద్ధం ఆడితే పాపం తగులుతుంది."

"ఇది వద్దంటే రికార్డే ఉండదు బాబాయిగారూ."

ఆయన అట్టని ఇంకోసారి దూరంగా పట్టుకుని చూశాడు. పెదవులు లోపలికి ముడుచుకున్నాయి. "ఉండకపోతే ఉండదు" అని, అట్టని తీసుకెళ్ళి తీసినచోటే జాగ్రత్తగా పెట్టి, తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

*

"ఆయన వద్దంటే మానేద్దాం. నాకూ తలనొప్పి తగ్గుతుంది" అన్నాడు ఓనరు శనివారం పొద్దున. "కానీ అచ్చువాళ్ళకి సాయంత్రంలోగా చెప్పాలి. ఇంకోసారి అడిగి చూడు."

"శాంపిలు రికార్డు ఇస్తారా? ఆయనకి ఒక్కసారైనా వినిపించి తెస్తాను."

అట్ట ఖాయం కాకుండా రికార్డు గుమ్మం దాటకూడదని కంపెనీ ఆచారం. ఓనరు గడ్డం గోక్కుని, బీరువా తాళంచెవి ఆమె ముందుకి తోశాడు.

పెద్దాయన ఇల్లు సందు చివర, మెట్ల కింద. రెండు గదులు. తలుపు తీసింది ఆయన భార్య. మనిషి సన్నగా, కళ్ళ కింద నల్లగా, చేతిలో సగం కుట్టిన దిండుగలీబుతో ఉంది.

"రా అమ్మా. అట్టలమ్మాయివి నువ్వేనా? రాత్రి నుంచీ నీ గొడవే. చెరువంట, బల్లంట, పొగమంచంట. నేను కూడా కొనేదాన్నే అన్నాను. నాకా కోరిక కూడా తీరనివ్వలేదు ఈయన" అంది. నిద్రలేని మనిషి నోటికి కళ్ళెం ఉండదు, ఆవిడకి అసలు ముందునుంచీ ఉన్నట్టు లేదు.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. ఆమె చేతిలో తెల్లటి సంచిలో ఉన్నది ఏమిటో ఆయనకి చెప్పనక్కరలేకపోయింది. ప్లేయరు మీద గుడ్డ తీసి మడతపెట్టాడు. మడతపెట్టిన గుడ్డని మళ్ళీ మడతపెట్టాడు. ఆమే రికార్డు పెట్టవలసి వచ్చింది.

"ఉండు, కూర్చోనీ" అంది ఆవిడ కిటికీ పక్క కుర్చీలో సర్దుకుంటూ. "పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటూనే ఉన్నా ఈ ఊదుడు. వెనకగదిలో సాధన. పొద్దున సాధన, మధ్యాహ్నం సాధన, నేను కాస్త నడుం వాలుస్తే చాలు అప్పుడే సాధన. ఎప్పుడాగుతుందిరా భగవంతుడా అనుకునేదాన్ని. పళ్ళూడి ఆగింది. ఇల్లు చల్లగా ఉందనుకుంటే నిద్ర ఎగిరిపోయింది. నా రాత అది."

"ఎర్రకోట్ల సంగతి చెప్పవే ఈ అమ్మాయికి" అన్నాడు పెద్దాయన. ముల్లు రికార్డుని తాకకుండా ఇంకాసేపు ఆపాలని ఉన్నట్టుంది ఆయనకి.

"ఏముంది చెప్పడానికి. బట్టలుతికేవాడు మూటలు మార్చేశాడు. చావింటికి వెళ్ళి మూట విప్పితే ఎర్రకోట్లు. వేరే దారి లేదు, అవే వేసుకుని ఊదారు."

"ఊదింది చావుపాటే. ఒక్క స్వరం మార్చలేదు" అన్నాడు ఆయన. "కానీ ఎర్రకోట్లు చూసి వీధిలో పిల్లలు చిందులేశారు. పోయినాయన కూతురు కొట్టడానికి వస్తుందనుకున్నాను. ఆ పిల్లలని చూసి ఏడుస్తూ ఏడుస్తూ నవ్వింది. మళ్ళీ అదే ఊదమంది."

అట్టలమ్మాయికి ఆ మాట ఎక్కడో తగిలింది. అదే పాట, కోటు మారితే పిల్లల కాళ్ళలోకి వెళ్ళింది. అలాంటప్పుడు నీలం అట్ట చూసి కొన్నవాళ్ళకి ఈ పాట ఎలా వినిపిస్తుంది? ఇన్నేళ్ళు చేతుల్ని చూసింది తప్ప, ఆ చేతులు ఇంటికి పట్టుకెళ్ళాక ఏం జరిగిందో ఏనాడూ చూడలేదు. ముల్లు దించింది.

మొదట ఊపిరి వినిపించింది. ఆ తర్వాత క్లారినెట్ ఒక్కటే, నెమ్మదిగా, ఎవరినో సాగనంపడానికి గుమ్మం దాటుతున్నట్టు. ఆమె అంతవరకూ కాగితంగానే ఎరిగిన మనిషి ఆ ధ్వనిలో నిండుగా ఉన్నాడు, పళ్ళతో సహా. ఆమె కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. ఇంతలో డోలు అందుకుంది. బూరలు అందుకున్నాయి. సాగనంపడం ఎక్కడ అయిపోయిందో, పెళ్ళి ఎక్కడ మొదలైందో తెలియలేదు, గది గదంతా అదిరిపోతోంది. నీలం రంగు, మంచు, ఖాళీ బల్ల గుర్తొచ్చి ఆమెకి సిగ్గేసింది. ఇది వింటూ నిద్రపోయేవాడంటూ ఉంటే వాడు బతికున్నవాడు కాదు. పెద్దాయన చెప్పిందే సబబు. సాయంత్రం వెళ్ళి ఓనరుతో ఆ మాటే చెప్పెయ్యాలనుకుంది.

"ఇక్కడ తప్పు ఊదాడు" అంది ఆవిడ, సూది ఆపకుండా. కాసేపటికి, "ఇక్కడ ఊపిరి చాల్లేదు. నేను చెబుతూనే ఉన్నా, ఊపిరి దాచుకోమని" అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు.

సర్కసు పాట మొదలైంది. తాళాలు, బూరలు, ఏనుగు అడుగుల్లా డోలు. పై వాటా వాళ్ళు ఏమనుకుంటారోనని అట్టలమ్మాయి ధ్వని తగ్గించడానికి చెయ్యి చాచింది. పెద్దాయన ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

ఆయన చూస్తున్న వైపు ఆమె కూడా చూసింది. ఆవిడ తల కుర్చీ వీపుకి ఒరిగిపోయి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. దిండుగలీబు ఒళ్ళోంచి జారి నేలమీద పడింది, సూది దానికే వేలాడుతోంది. డోలు దద్దరిల్లుతుంటే ఆవిడ రొమ్ము మెల్లగా లేస్తోంది, మెల్లగా దిగుతోంది.

ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. ఒక క్షణం ఏదైనా అయిందేమోనని అట్టలమ్మాయి భయపడింది. అంతలో ఆవిడ చిన్నగా గుర్రు పెట్టింది.

"తగ్గించకు" అన్నాడు పెద్దాయన, పెదవుల చివర్లతో. "తగ్గిస్తే లేస్తుంది."

ఆయన కళ్ళ నిండా నీళ్ళు. ఆరునెలలుగా అన్ని మందుల షాపులూ తిరిగిన మనిషి, తన ఇంట్లో తన ఊపిరే మందని ఎలా ఊహిస్తాడు. ఆయన పళ్ళు ఊడటానికీ ఆవిడ నిద్ర ఎగిరిపోవడానికీ లంకె ఉందని భార్యాభర్తలిద్దరికీ ఇంతవరకూ తోచనే లేదు.

మొదటివైపు అయిపోయింది. ముల్లు గరగరమంది. గదిలో నిశ్శబ్దం రాగానే ఆవిడ కనురెప్పలు కదిలాయి, నుదురు ముడిపడింది.

"తిప్పు తిప్పు" అన్నాడు పెద్దాయన కంగారుగా.

ఆమె గబగబా రికార్డు తిప్పి ముల్లు దించింది. మళ్ళీ ఊపిరి, మళ్ళీ క్లారినెట్, వెనకాలే డోలు. ఆవిడ నుదురు విడిపోయింది. పెద్దాయన కొంగు పట్టుకున్న పిల్లాడిలా కుర్చీ కోడు పట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు.

"అమ్మాయ్" అన్నాడు కాసేపయ్యాక. "ఆ నీలం అట్టే వేయించు."

ఆమె తెల్లబోయింది. "నిన్న పాపమన్నారు కదండీ."

"అన్నాను. నిన్న నాకు తెలియదు."

"మరి కొన్నవాళ్ళు నిద్రపట్టలేదని గొడవకొస్తే?"

"మా ఇంటికి పంపు. చూపిస్తాను" అన్నాడాయన.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు బయటికి రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఓనరు సాయంత్రంలోగా చెప్పమన్నాడు, ఇంకా వేళుంది. రెండోవైపు అయిపోతే తిప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని ఆమె కూడా గోడకి ఆనుకుని కూర్చుంది. పెద్దాయన బోసినోరు బిగించి, మోకాళ్ళ మీద వేళ్ళతో లేని మీటలు నొక్కుతూ, భార్య మొహం నుంచి చూపు తిప్పకుండా రికార్డుతోపాటు ఊపిరి పీల్చడం మొదలుపెట్టాడు.